ఎడమ చెవి

బోను తలుపు టప్పున పడిన చప్పుడుకి మెట్లమీద కూర్చున్న ఇద్దరూ ఒకేసారి టీ కప్పులు కింద పెట్టారు.

"నాదే," అన్నాడు అతను. "చేపముక్క పెట్టింది ఎవరు? నేను."

"బోను మోసింది ఎవరు? నేను. పేరు నీకూ, నడుమునొప్పి నాకూనా?"

"సరే, పిల్లి నీది. నువ్వు నాదానివి. లెక్క సరిపోయింది."

ఆమె నవ్వుతూ అతని భుజం మీద ఒక్కటిచ్చి, పాత దుప్పటి చంకన పెట్టుకుని మెట్లు దిగింది. పెళ్ళికి కొన్న చెప్పులు ఇంకా మడమ కొరుకుతూనే ఉన్నాయి. మార్చాలని ఆమెకు లేదు. కొరికినప్పుడల్లా, అవును కదూ, నాకు పెళ్ళయింది అని గుర్తొచ్చి సంతోషం వేసేది.

ఇంటి వెనక సందులో ఒకపక్క ఇళ్ళ వీపులు, నీళ్ళ గొట్టాలు. ఇంకోపక్క పొడుగాటి గోడ. ఆ గోడమీదే పిల్లుల కాపురం. పొద్దుటి ఎండ ఇంకా సందులోకి దిగలేదు. బోను గోడవార చెత్తడబ్బా వెనక ఉంది. మామూలుగా అయితే ఈపాటికి లోపలి పిల్లి ఊచలకి తల బాదుకుంటూ ఉండాలి. దుప్పటి కప్పి చీకటి చేస్తే గానీ శాంతించదు. ఈ పిల్లి మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. ముందుకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, వంతుకోసం కూర్చున్న మనిషిలా.

ఆమె వంగి చూసింది. నల్లమచ్చల ఆడపిల్లి. ఎడమ చెవి కొస లేదు. అడ్డంగా, తిన్నగా కత్తిరించి ఉంది.

"దీనికి అయిపోయింది," అంది.

బోను పట్టేవాళ్ళ మొదటి పాఠం అదే. పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాక, ఆ మత్తులోనే ఎడమ చెవి కొస కాస్త కత్తిరించి, పట్టిన చోటికే తెచ్చి వదులుతారు. అదే గుర్తు. ఆ గుర్తున్నదాన్ని మళ్ళీ ఆసుపత్రికి మోసుకెళ్ళి హింసపెట్టకూడదు. అక్కడికక్కడే తలుపెత్తి వదిలేయాలి.

ఆమె తలుపెత్తింది. పిల్లి పరుగెత్తలేదు. నెమ్మదిగా ఆమె పాదాల పక్కనుంచి నడిచి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఒక వాసన వదిలింది. చెత్తదీ కాదు, చేపదీ కాదు. తియ్యగా, చల్లగా, ఎక్కడో ఎరిగున్న వాసన.

"దీన్ని మనం ఎప్పుడు పట్టాం?"

"పట్టే ఉంటాం. అన్నీ ఒకేలా చూస్తాయి, లెక్కల మేష్టారిలా," అన్నాడతను.

పక్కింటి మేడమీద బట్టలు ఆరేస్తున్న చేతులు ఆగాయి. వీధి సంఘం ప్రెసిడెంటు తల బయటికొచ్చింది.

"కొత్తకోడలా! ఏమైంది, దొరికిందా?"

"అయిపోయినదేనండీ. వదిలేశాను."

"వదలడమేనా, పట్టేదేమైనా ఉందా? వానలు మొదలయ్యేలోపు అన్నావు. అప్పటికి ఒక్క పిల్లికూన ఈ సందులో కనిపించినా గోనెసంచుల వాళ్ళకి కబురు పెడతాను. తర్వాత నన్ననుకోవద్దు."

"మాటిచ్చానుగా బాబాయిగారూ."

"పిల్లులకి పిల్లలొద్దని ఊరంతా తిరుగుతున్నావు. మరి నీ సంగతేంటి, విశేషమేమైనా ఉందా?" అని పకపకా నవ్వి తల లోపలికి లాక్కున్నాడు.

ఆమె చెంపలు వేడెక్కాయి. సంఘం మీటింగులో అందరూ పిల్లుల్ని గోనెల్లో కట్టి పట్టుకుపోయే సంచులవాళ్ళని పిలుద్దామంటే, లేచి నిలబడి వద్దన్నది తనే. ఈ ఇంట్లో అడుగుపెట్టాక, ఎవరినీ అడగకుండా తను చేసిన మొదటి పని అదే.

ఆసుపత్రి డాక్టరమ్మ పొట్టిగా, బలంగా ఉండేది. దారం పళ్ళతో తెంపకూడదని అందరికీ చెప్పి, తను మాత్రం మిఠాయి కాగితాలన్నీ పళ్ళతోనే చింపేది. ఆరోజు కొత్తకోడలు తెచ్చిన చారల పిల్లిని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టింది. పొట్టమీద బొచ్చు గొరిగి, పసుపురంగు మందు పూసింది. పిల్లి మత్తులో ఉంది. నాలుక పక్కకి వాలింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"ఇది చూస్తోందా డాక్టరమ్మా?"

"చూడదు. ఈ మత్తుకి పిల్లి కళ్ళు మూయదు, అంతే. ఆరిపోకుండా మందు రాయి."

ఆమె గాజుకడ్డీతో ఆ పచ్చటి కళ్ళమీద మందు రాసింది. రెప్ప కదల్లేదు. తన ముఖం ఆ రెండు కళ్ళలోనూ చిన్నగా కనబడింది. డాక్టరమ్మ వేళ్ళు గోరంత కోత పెట్టి, కొక్కెంతో సన్నటి దారంలాంటిదాన్ని పైకి తీసి, ముడివేసి, కత్తిరించి, లోపలికి జార్చేశాయి. ఎంత చిన్న పని! కుట్టు వేశాక చెవి కొసని చిన్న పటకారుతో పట్టి ఒక్క కోత.

"మేం పట్టని పిల్లికి కూడా చెవి కోసి ఉంది," అంది ఆమె.

"ఇంకెవరో పట్టి ఉంటారు. మంచిదేగా, నీకు మోత తగ్గింది," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ.

రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ సంగతి చెప్పింది. ఆమె మామగారిది కిందే సెలూను. మేడమీద కాపురం, కింద కుర్చీ. రోజంతా నిలబడి పనిచేసే మనిషి కాబట్టి, తినేటప్పుడు మాత్రం తీరుబడిగా కూర్చునేవాడు. మాట తక్కువ. కోడలు కబుర్లు చెబుతుంటే ముద్ద చేతిలోనే పెట్టుకుని వినేవాడు. వినే మనిషి దొరకడం ఆమెకు పండుగలా ఉండేది.

"వదిలేశావా మరి దాన్ని?" అన్నాడు.

"వదిలేశాను మామయ్యా. చెవి కోసి ఉంటే వదిలేయాలి కదా."

"మంచిది," అని ఆయన ఇంకాస్త అన్నం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత బోనులో పడ్డవన్నీ అలాంటివే. గోధుమరంగుది, తోక విరిగినది, ఒంటికన్నుది. అన్నిటికీ ఎడమ చెవి కొస లేదు. కొన్ని చెవుల అంచు ఇంకా ఎర్రగా ఉంది. ఏదీ అరవలేదు. తలుపెత్తితే లేచి నడిచి వెళ్ళిపోయేవి. వెళ్ళిన ప్రతిసారీ ఆ చల్లటి వాసన.

ఒకరోజు పొద్దున్నే తలుపు పడి ఉంది. లోపల పిల్లి లేదు. చేపముక్క చేపముక్కలాగే ఉంది. బోను అడుగున, ఊచల మధ్య, ఏదో చిన్న ముక్క. ఆమె గోటితో తీసి అరచేతిలో పెట్టుకుంది. బూడిదరంగు బొచ్చున్న మూడుమూలల ముక్క. ఇంకా మెత్తగా ఉంది. దానిమీద ముగ్గు చల్లినట్టు సన్నటి తెల్లటి పొడి.

"తలుపు వేసి ఉంటే ఎలా పోయింది?" అంది.

అతను ఈసారి జోకు వేయలేదు. "పారెయ్. చెయ్యి కడుక్కో," అన్నాడు.

మధ్యాహ్నాలు ఇంకా వింతగా ఉండేవి. మామగారు భోజనం వేళకి సెలూను షట్టరు సగం దించేవాడు. ఎండకి వీధిలో మనిషి ఉండేవాడు కాదు. సరిగ్గా ఆ సమయానికి పిల్లులు గోడ దిగి, ఇంటిపక్క సందులోంచి ముందువైపుకొచ్చి, షట్టరుకి ఎదురుగా వరసలో కూర్చునేవి. కొట్లాట లేదు, అరుపు లేదు. ఆమె మేడమీది కిటికీలోంచి చూసేది. కొస తెగిన చెవులన్నీ షట్టరువైపే తిరిగి ఉండేవి. ఆమె ఒకసారి చప్పట్లు కొట్టింది. ఒక్కటీ తల తిప్పలేదు.

ఒకరోజు ఆ వరసలో బూడిదమ్మ కనబడింది. బూడిదమ్మ సందుకి పెద్దది. బోనులో ఆమెకు ఎన్నడూ కనబడలేదు. ఇప్పుడు దాని చెవి కొస లేదు. తన అరచేతిలో పెట్టుకున్న ముక్క దానిదే. దాని పొట్ట మాత్రం రెండువైపులా సంచుల్లా జారి, నడుస్తుంటే ఊగుతోంది.

"ఆపరేషన్ అయిన పిల్లికి కడుపేమిటి?" అంది భర్తతో.

"తిండి ఎక్కువైందేమో."

"తిండికి చనుమొనలు ఎర్రబడతాయా?"

అతను కిటికీ దగ్గరికొచ్చి చూశాడు. చూసి, తెర లాగేశాడు.

"కాలుగాలిన పిల్లిలా తిరక్కు. రేపు డాక్టరమ్మని అడుగు," అన్నాడు. గొంతులో మాత్రం ధైర్యం లేదు.

మర్నాడు అతనికి సెలవు. భోజనం వేళకి కాస్త ముందు కిందికి వెళ్ళి నాన్నచేత క్షవరం చేయించుకొచ్చాడు. మెడ నున్నగా, లేతగా, స్కూలుకి వెళ్ళే పిల్లాడిలా ఉన్నాడు. ఆమెకు ముద్దొచ్చింది. అద్దం ముందు నిలబడి ఉంటే వెనకనుంచి చేతులు వేసి, చెవి కిందుగా మెడమీద ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చింది.

పీల్చి, అలాగే ఉండిపోయింది.

"ఏమైంది? గుచ్చుకుందా?"

"లేదు." ఆమె పెదవులకి సన్నటి తెల్లటి పొడి అంటుకుంది. తియ్యగా, చల్లగా. "మామయ్య పౌడరు ఎప్పుడూ ఇదేనా?"

"నా చిన్నప్పట్నుంచీ ఇదే. ఏం, బాగోలేదా?"

"బావుంది," అంది. చేతులు వదిలి మంచంమీద కూర్చుంది. కింద గరగరమని షట్టరు సగం దిగిన చప్పుడు వినిపించింది.

లోపలి మెట్లు సెలూను వెనకగదిలోకి దిగుతాయి. మధ్యలో ఒక తెర. ఆమె చెప్పులు పైనే వదిలి దిగింది. షట్టరు కిందనుంచి పడ్డ ఎండ నేలమీద పట్టీలా పరుచుకుంది. మిగతా అంతా నీడ. తెర పక్కకి తీస్తే అద్దం కనబడింది. అద్దంలో కుర్చీ, కుర్చీలో తెల్లగుడ్డ. గుడ్డని చుట్టూ బిగించి, మెడ దగ్గర మడిచి, క్లిప్పు పెట్టి ఉంది, ఏ గిరాకీకైనా పెట్టినట్టే. ఆ మడతలోంచి ఒక పిల్లి తల మాత్రం బయటికొచ్చి ఉంది. నల్లటి మీసాల మచ్చలున్న దాన్ని ఆమె, అతనూ కలిసి ఇన్‌స్పెక్టరని పిలిచేవాళ్ళు.

ఇన్‌స్పెక్టర్ కళ్ళు రెండూ తెరిచి అద్దంలో తననే చూసుకుంటోంది.

మామగారు రెండువేళ్ళతో చెవి పట్టుకున్నాడు. అలవాటైన పనికి ఒళ్ళు వంగే తీరులో, మోకాలు కాస్త వంచి, తల పక్కకి వాల్చి.

"కదలకు నాయనా. అయిపోయింది, అయిపోయింది," అన్నాడు.

కత్తెర ఒక్కసారి చప్పుడు చేసింది. పిల్లి ఒళ్ళు గుడ్డలో ఒక్కసారి జివ్వుమంది. అరవలేదు. ఆయన పటికముక్క నీళ్ళలో ముంచి కోతమీద అదిమి పట్టుకున్నాడు. నెత్తురు ఆగాక కుంచెతో పౌడరు అద్దాడు. చెవికీ, మెడకీ, అలవాటుగా. అప్పుడు అద్దంలో ఆయన కళ్ళు పిల్లి తలమీదుగా వచ్చి ఆమె కళ్ళని కలిశాయి.

"తెర వెయ్యి తల్లీ," అన్నాడు. "గాలికి బొచ్చు ఎగురుతుంది."

ఆమె తెర వేసి లోపలికొచ్చింది.

"ఎందుకు మామయ్యా?"

"నువ్వే చెప్పావు కదమ్మా. చెవి కోసి ఉంటే పట్టుకెళ్ళరని. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, భోజనాల దగ్గర ఎంత సంబరంగా చెప్పావు! కడుపుతో ఉన్నా వదలరనీ, కోసి ఖాళీ చేసేస్తారనీ. ఆ పూట నాకు ముద్ద దిగలేదు." ఆయన గుడ్డ విప్పాడు. పిల్లి కుర్చీ దిగి, నేలమీది ఎండపట్టీ దాటి, షట్టరు కిందనుంచి వెళ్ళిపోయింది. "గోరంత చెవితో పోతుందంటే ఎవరు కాదంటారు? ఒకటి నీ బోనులో పడితే దాన్నీ తీసి, అక్కడే పని ముగించాను."

"నొప్పి కదా మామయ్యా! అక్కడ మత్తు ఇచ్చి కోస్తారు."

"నొప్పే. అందుకని కొత్త కత్తెర కొన్నాను." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆమెవైపు చూడలేదు.

"ఇప్పుడు దేనికి ఆపరేషన్ అయిందో, దేనికి కాలేదో ఎలా తెలుస్తుంది?"

"నేను కోసినవి నాకు తెలియవా?" అని ఆయన వెనక తలుపు తీశాడు. ముందువైపునుంచి తిరిగొచ్చిన పిల్లులు సందు గోడమీద వరసగా కూర్చున్నాయి. "అదిగో ఆ చివరిది నాది. కాదు, దాని పక్కది. ఆ గోధుమరంగు..." వేలు గాలిలో అటూ ఇటూ తిరిగింది. తెగిన చెవులన్నీ ఒకేలా ఉన్నాయి. పిల్లులన్నీ ఒకేసారి ఆయనవైపు చూశాయి, పిలిచాడేమోనని. ఆయన వేలు దించేశాడు.

"నాకూ తెలియడం లేదమ్మా," అన్నాడు.

"బూడిదమ్మ ఈనితే ప్రెసిడెంటుగారు సంచులవాళ్ళని పిలుస్తారు. ఒక్క కూన చాలు మామయ్యా. అప్పుడు చెవి కోసినవీ, కోయనివీ ఎవరూ చూడరు. ఇంతకుముందు వాళ్ళు రావడం మీరు చూడలేదా?"

ఆయన తెల్లగుడ్డ దులిపి నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

"చూశాను. బండి మలుపు తిరిగేదాకా సంచులు కదులుతూనే ఉన్నాయి," అన్నాడు. గుడ్డ కుర్చీమీద పెట్టి, "ఎంత పని చేశాను!" అన్నాడు.

బోనులు ఇక పనికిరాలేదు. ఒకసారి పడి వదిలిపెట్టిన పిల్లి రెండోసారి చేపకి లొంగదు. అవి నమ్మేది ఒక్క చోటునే. అందుకని మధ్యాహ్నం వేళల్లో మామగారే కుర్చీలో గుడ్డ పరిచి కూర్చోబెట్టాడు. "రా నాయనా," అంటే ఒక్కొక్కటీ వచ్చింది. గుడ్డలో చుట్టాడు. ఈసారి కత్తెర తీయలేదు. ఆ మూటని అలాగే ఆమె పట్టుకున్న బోనులోకి జార్చి తలుపు వేశాడు. గుడ్డలోంచి బయటపడి, ఊచల్లోంచి చూసినప్పుడు, ఒక్కొక్కటీ మొదటిసారిగా అరిచింది. ఆమె భర్త బోనుల మీద దుప్పట్లు కప్పి బండిలో పెట్టాడు. మామగారు ప్రతి దుప్పటి అంచూ సర్ది, వీధి చివరిదాకా బండి పక్కనే నడిచాడు.

డాక్టరమ్మ ఒక్కొక్కదాని పొట్ట గొరిగి కుట్టు మచ్చ ఉందా లేదా చూసింది. లేనివాటికి ఆపరేషన్ చేసింది. పని నిజంగా అయిన ప్రతిదానికీ కుడి చెవికి కూడా చిన్న గాటు పెట్టింది. మామగారు తలుపు దగ్గర చేతులు కట్టుకు నిలబడితే, ఆవిడ మాస్కు కిందికి లాగి, "కత్తెర పని నున్నగానే ఉంది పెద్దాయనా. ఇంకోసారి చేశారో, మిమ్మల్నే బోనులో పెట్టి కుట్లేస్తాను," అంది. ఆయన నవ్వలేదు.

బూడిదమ్మకి మాత్రం ఆవిడ చెయ్యి వేయలేదు. నెలలు నిండిపోయాయంది. ఈననివ్వమంది. తల్లినీ పిల్లల్నీ ఒక గదిలో తలుపేసి ఉంచి, పాలు మాన్పించాక తెమ్మంది. కూనలకి ఇళ్ళు వెతుకుదామంది.

"నేనే తెస్తాను," అన్నాడు మామగారు.

పిల్లులన్నీ తిరిగి సందులోకే చేరాయి. షట్టరు ముందుకి మాత్రం ఒక్కటీ రాలేదు. ఆయన మధ్యాహ్నం అలవాటుగా సగం దించి, నేలమీది ఎండపట్టీకేసి చూస్తూ కాసేపు నిలబడేవాడు. ఆ తర్వాత పూర్తిగా దించేసి అన్నానికి పైకొచ్చేవాడు. వెనకగదిలో, తువ్వాళ్ళ బుట్టలో, బూడిదమ్మ ఈనింది.

మొదటి వాన చినుకులు పడుతుండగా ప్రెసిడెంటు గొడుగు దులుపుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆమె వేడినీళ్ళు తెచ్చిపెట్టి తెర పక్కన నిలబడింది.

"మెచ్చుకున్నాను కొత్తకోడలా," అన్నాడాయన, మామగారు తెల్లగుడ్డ చుట్టి మెడ దగ్గర క్లిప్పు పెడుతుంటే. "వాన రానే వచ్చింది. ఒక్క కూన లేదు. సంచులవాళ్ళ నంబరు జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను సుమా. ఇక అవసరం లేదులే."

మామగారు సబ్బునురుగు పట్టించి, కత్తిని తోలుపట్టీమీద నాలుగుసార్లు అటూ ఇటూ నూరాడు. చుబుకం రెండువేళ్ళతో పైకెత్తాడు. కత్తి గొంతుమీది నురుగులో కింద నుంచి పైకి ఒక నున్నటి దారి తీసింది.

తెర వెనక ఏదో సన్నగా కుయ్‌మంది.

ప్రెసిడెంటు కళ్ళు పక్కకి తిరిగాయి. "ఏమిటది?"

ఆమె తెరకి అడ్డంగా జరిగింది. ఇంతవరకు ఈ మనిషికి ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పకుండా నెగ్గానని మురిసిపోయింది కూడా.

"షట్టరండీ. తడికి గీరుకుంటోంది. నూనె పెట్టాలి," అంది.

"షట్టరు ఎత్తేసి ఉందిగా," అని ఆయన మెడ తిప్పబోయాడు. వెనక మళ్ళీ కుయ్‌మంది. ఈసారి రెండు గొంతులు.

కత్తి గొంతుమీదే ఆగింది.

"కదలకండి," అన్నాడు మామగారు.

ఆయన గొంతు పెంచలేదు. మోకాలు కాస్త వంచి, తల పక్కకి వాల్చి, చూపు కత్తి అంచుమీద పెట్టి అన్నాడు. "కదలకండి. అయిపోయింది, అయిపోయింది."

అద్దంలో తెల్లటి మూట. మూటపైన తల. ఆ తలలో రెండు కళ్ళూ తెరుచుకుని తమనే చూసుకుంటున్నాయి. బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రెసిడెంటు మింగిన గుటక గొంతులో పైకెళ్ళి, కత్తి అంచుని ముట్టుకోకుండా కిందికి దిగింది.

మామగారు తీరిగ్గా మిగతా చెంప ముగించాడు. పటిక తడిపి అదిమాడు. కుంచెతో పౌడరు అద్దాడు, మెడకీ, చెవుల వెనకా. క్లిప్పు తీసి గుడ్డ దులిపాడు. గుడ్డ తీసేసిన తర్వాత కూడా ప్రెసిడెంటు కాసేపు అలాగే కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో దగ్గరగా పెట్టుకుని.

తర్వాత లేచాడు. గొడుగు మరిచిపోయి గడప దిగాడు. ఆమె అందిస్తే తీసుకున్నాడు. విప్పలేదు. వానలో నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి చూడకుండానే, మెల్లగా చెయ్యెత్తి తన ఎడమ చెవి కొస తడుముకున్నాడు.